పెళ్లికొడుకు తల కోసం తాడిపత్రి దాకా

మంగళవారం ఉదయం ఐదూ నలభైకి బెళుగుప్పలో కళ్యాణదుర్గం బస్సెక్కాను. చేతిసంచిలో తువ్వాలులో చుట్టిన పాత కెమెరా, ఒక పెళ్లిఫోటోల కవరు, ఒక జత బట్టలు ఉన్నాయి. ఎక్కడికి పోతున్నానో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. ఇరవై ఎనిమిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు. ఇంకొక నవ్వు నాకు అక్కరలేదు.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. మా చెల్లెలు పార్వతిని గుమ్మఘట్టలో ఎర్రిస్వామికిచ్చి చేశాం. ఆ సంబంధం నాకు ఇష్టం లేదు. ఆ మాట నేను దాచలేదు కూడా. పెళ్లిరోజు ఎర్రిస్వామి బెంగళూరులో కొన్న తన కెమెరాను నా చేతికిచ్చి, "చూసి నొక్కు, అంతే" అన్నాడు. నేను చూసే నొక్కాను. కడిగించి తెచ్చిన ముప్పై రెండు ఫోటోల్లో తొమ్మిదింటిలో పెళ్లికొడుక్కి కనుబొమలకు పైన ఏమీ లేదు. నుదురు లేదు, దానికి కట్టిన బాసికమూ లేదు. రెండింటిలో కళ్లు కూడా లేవు. పక్కన పొట్టిగా ఉన్న మా చెల్లెలు మాత్రం తలలో పూలతో సహా నిండుగా పడింది. తాళి కట్టే ఫోటో, తలంబ్రాల ఫోటో, ఉంగరం వెతికే ఫోటో, అన్నీ ఆ తొమ్మిదింటిలోవే.

ఎర్రిస్వామివాళ్లకు అది చాలింది. సంబంధం ఇష్టం లేక కావాలనే పెళ్లికొడుకు తల తీసేశానన్నారు. అపశకునమన్నారు. ఆ ఏడు వాళ్ల బోరు ఎండిపోతే దానికీ ఆ ఫోటోలే కారణమన్నారు. ఆ ఏడు ఈ జిల్లాలో ఎండిపోయిన బోర్లన్నిటికీ నేనే ఫోటోలు తీశానా? కెమెరాను ఎర్రిస్వామి తిరిగి తీసుకోలేదు. "నీ దగ్గరే పెట్టుకో, దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతాది" అన్నాడు. పెట్టుకున్నాను. నేను ఏదీ పారేసే మనిషిని కాను. నేను చెప్పుకున్నది మొదటి నుంచి ఒకటే మాట: కెమెరా కిటికీలో అతని తల నిండుగా కనిపించింది. ఆ మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు పార్వతి కూతురు అనిత పెళ్లి. మా వైపు పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ పిల్లకు సొంత మేనమామను నేనొక్కడినే. అయినా ఆదివారం నిశ్చితార్థంలో ఎర్రిస్వామి వచ్చిన వాళ్లందరి ముందర, "గంప ఈయప్ప చేతికిస్తే పిల్లకు తలకాయ ఉంటాదో ఊడతాదో, ఇంకెవుర్నన్నా చూసుకుందాం" అన్నాడు. అందరూ నవ్వారు. పార్వతికి పెద్దనాన్న కొడుకు వరుసయ్యే ఒకతని పేరు కూడా అక్కడే అనుకున్నారు. పార్వతి లోపలికి వెళ్లిపోయింది. పెళ్లి వచ్చేవారం గురువారం. నాకు తొమ్మిది రోజులుంది.

ఆ నిశ్చితార్థానికి ఫోటోలు తీయడానికి రాయదుర్గం నుంచి ఒకతను పెద్ద కెమెరా మెడకు వేసుకుని వచ్చాడు. నవ్వులు అయిపోయాక అతనే నా పక్కకు వచ్చి, "ఆ పాతవాట్లో చూసేది ఒకటి సార్, పడేది ఒకటి. ఇది ఎస్సెల్లార్. దీంట్లో చూసిందే పడతాది" అన్నాడు. అంటే ఏమిటని అడిగేలోపల భోజనాలకు పిలిచారు. తర్వాత అడిగితే బ్యాటరీ మారుస్తున్నానన్నాడు. మూడోసారి అడిగితే పెళ్లికొడుకువాళ్లు పిలుస్తున్నారని పోయాడు. మూడుసార్లు అడిగించుకుని చెప్పకపోవడం ఏం మర్యాదో నాకు తెలియదు. కానీ చూసేది ఒకటి, పడేది ఒకటి అన్న ఆ మాట మాత్రం నాలో పాతుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను చెబుతున్నది అదే కదా.

కళ్యాణదుర్గం బస్సులో కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి ఉంది. ఈ దారిన పోయేవాళ్లు ఎడమవైపు కూర్చోవడం మంచిది, కుడివైపు ఎదురొచ్చే బండ్ల దుమ్మంతా లోపలికే వస్తుంది. విత్తనం వేసి నెల దాటినా వాన లేక చెనిక్కాయ చేలు ఆకు ముడుచుకుని ఉన్నాయి. కవరు తెరిచి ఫోటోలు మరోసారి చూసుకుంటుంటే, టమేటా గంపతో పక్కన కూర్చున్న ఆమె మెడ చాచి చూసింది.

"ఏమన్నా, ఈయప్ప తలకాయ యాడ పెట్టి వచ్చినాడు?" అంది.

నేను చేతిలోది కవరులో పెట్టేశాను. ఆమె ఇంకో రెండు ఫోటోలు చూసి, పెళ్లికూతురు మాత్రం బాగుంది, ఎవరని అడిగింది. మా చెల్లెలని చెప్పాను. "అయితే నువ్వే తీసింటావులే" అని గంప సర్దుకుంది. ఆమెకు నా సంగతి ఏం తెలుసని ఆ మాట అనాలి?

ఆరూ ముప్పావుకు కళ్యాణదుర్గం. టీ తాగి, ఏడుంబావుకు అనంతపురం బస్సు. తొమ్మిదింబావుకు దిగాను. కెమెరాల దుకాణాలు పదిన్నరకు గాని తెరవరు. పొద్దున్నే వెళ్లేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బస్టాండు ఎదురుగా సందులో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. ఉగ్గానిలో బొరుగులు మెత్తబడిపోయాయి. అడిగితే, పొద్దున ఆరుకు వచ్చి ఉంటే బాగుండేదన్నాడు. ఆరుకు నేను బెళుగుప్ప దాటాను.

దుకాణంవాడు నా వయసువాడే. అద్దాల బీరువాలో కెమెరాలు వరుసగా ఉన్నాయి. ఎస్సెల్లార్ అంటే ఏమిటో చెప్పమన్నాను. కొంటారా అని అడిగాడు. కొనను, తెలుసుకోవాలన్నాను. అతను నవ్వి, తెలుసుకోవడానికి ఫోన్‌లో వీడియోలున్నాయి, ఊరికే ఇంతదూరం రావడం ఎందుకన్నాడు. నా సంచిలోని కెమెరా తీసి చూపించాను. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ఇది ఎస్సెల్లార్ కాదు, దీన్ని తూకానికి వేసినా ఏమీ రాదని బల్ల మీద పెట్టాడు. ఒక బీరువా నిండా సరుకు పెట్టుకుని, దాని పేరుకు అర్థం చెప్పడానికి నోరు రాని మనిషి అమ్మేదేమిటి? ఆ మాటే అడిగాను. అప్పుడు కాస్త తగ్గి, ఇలాంటివి విప్పి బాగుచేసేవాడు తాడిపత్రిలో దావీదని ఒకాయన ఉండేవాడు, ఉన్నాడో లేడో తెలియదన్నాడు. ఉన్నాడో లేడో తెలియని మనిషి కోసం నేను ఇంకో బస్సెక్కాను.

పదకొండూ నలభైకి బయలుదేరిన బస్సు బుక్కరాయసముద్రం దాటాక ఎండలో పదిహేను నిమిషాలు ఆగింది. డ్రైవరు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఎందుకు ఆపావని అడిగితే, నేనొక్కడినే అడిగానని కండక్టరు నన్ను వింతగా చూశాడు. నలభైమంది అడగకపోతే అడిగినవాడిది తప్పవుతుంది మన దగ్గర. నా ముందు సీటులో ఉన్నతని చెవుల్లో, కనురెప్పల మీద తెల్లటి రాతిపొడి ఉంది. దావీదు గురించి అతన్ని అడిగాను.

"కెమెరా దావీదా? ఉండాడు. ఇప్పుడు కెమెరాలు యాడున్నాయి, మా పాలీషు మిషన్ల మోటార్లకు వైరు చుడతాంటాడు" అన్నాడు. దిగాక ఏ సందులో తిరగాలో కూడా చెప్పాడు. ఆ రోజు నాకు అడిగిన దానికి అడిగినట్టు జవాబు చెప్పిన మొదటి మనిషి అతనే.

ఒకటిన్నరకు తాడిపత్రి. భోజనం సరేననిపించింది, మజ్జిగ మాత్రం నీళ్లే. రెండున్నరకు దావీదు ఉన్నచోటికి చేరాను. రోడ్డు పక్కన రేకులషెడ్డు. చుట్టూ నల్లరాతి పలకలు నిలబెట్టి ఉన్నాయి, కోతయంత్రాల మోత చెవులు పగలగొడుతోంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, ముక్కు కొసన కళ్లద్దాలు, విప్పిన మోటారు ముందు కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. నేను మొత్తం కథ చెప్పాను. బోరు సంగతితో సహా. ఆయన చెయ్యి ఆపకుండా విన్నాడు. కెమెరా చేతికిచ్చాక మాత్రం తీగ కిందపెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఫోటోలు అన్నీ తెచ్చినావా? తల ల్యానివి మాత్రమేనా?" అని అడిగాడు.

అన్నీ తెచ్చానన్నాను. ముప్పై రెండింటినీ తీసుకుని, అక్కడే ఉన్న నున్నటి పలక మీద పేకముక్కల్లా పరచడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. ఎడమవైపు కుప్పలో జనం, పందిరి, భోజనాల వరుస, దూరం నుంచి తీసిన పెళ్లికొడుకూ పెళ్లికూతురూ. వాటన్నింటిలో ఎర్రిస్వామి తల భద్రంగా ఉంది. కుడివైపు కుప్పలో నేను రెండు మూడడుగుల దూరానికి వెళ్లి తీసినవి. లెక్కపెట్టాను. తొమ్మిది. తల లేనివన్నీ దగ్గరివే, దగ్గరివన్నీ తల లేనివే.

ఇరవై ఎనిమిదేళ్లు ఆ కవరు నా దగ్గరే ఉంది. వందసార్లు తీసి చూశాను, చూసిన ప్రతిసారీ కోపంతోనే చూశాను. ఇలా రెండు కుప్పలు వేయాలని నాకు తట్టలేదు. నన్ను నిందించినవాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

దావీదు కెమెరాను నా ముఖం ముందు పట్టుకుని వేలితో చూపించాడు. కింద మధ్యలో ఉన్న గాజు ఫిల్మ్‌కు కన్ను. పైన మూలన ఉన్న చిన్న కిటికీ మనిషికి కన్ను. ఈ రెండింటికీ మధ్య దాదాపు మూడువేళ్ల ఎడం ఉంది. ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ ఎడం ఒక లెక్క కాదు, ఇద్దరూ ఒకటే చూస్తారు. మూడడుగుల్లోకి వస్తే పైకన్ను చూసిన దానికంటే కిందికన్ను కిందికి చూస్తుంది. పైన ఉన్నది కోసుకుపోతుంది.

"నువ్వు చూసింది నిజమే. ఫిల్మ్ చూసిందీ నిజమే. ఇద్దరూ ఒకే తావున నిలబడల్యా" అన్నాడు.

ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను. రాతపని తనకు రాదన్నాడు. రాదో, ఇష్టం లేదో.

మరి ఎస్సెల్లార్ అంటే ఏమిటని అడిగాను. ఆయన వెనక డబ్బాలోంచి ఒక బరువైన కెమెరా బయటికి తీశాడు. ఒక పక్క సొట్టపోయి ఉంది. ముందరి గాజు తిప్పి ఊడదీస్తే లోపల ఏటవాలుగా నిలబెట్టిన చిన్న అద్దం కనిపించింది. ఇందులో రెండు కళ్లు లేవు, ఒకటే. ఆ ఒక్క గాజులోంచి వచ్చిన వెలుతురు ఈ అద్దం మీద పడి పైకి పోతుంది, పైనున్న గాజుదిమ్మె దాన్ని మళ్లించి మన కంటికి అందిస్తుంది. మీట నొక్కితే అద్దం పైకి లేచి దారి వదులుతుంది, అదే వెలుతురు వెళ్లి ఫిల్మ్ మీద పడుతుంది. ఇప్పటి పెళ్లిళ్లలో చూసే కెమెరాల్లో ఫిల్మ్ ఉండే చోట ఇంకేదో పెట్టారు గానీ, అద్దం ఉన్నవాటిలో పని ఇదేనట. అద్దం లేనివి కూడా వచ్చాయి, అవి వేరన్నాడు. పేరులో ఉన్నది కూడా ఇంతే: ఒకే గాజు, ఒక అద్దం.

నాకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. ఆ సంగతి గమనించి ఆయన లేచి, షెడ్డు బయట పడి ఉన్న మెరుగుపెట్టిన నల్లరాతి ముక్క ఒకటి తెచ్చాడు. అరచేయంత ఉంది. దాన్ని నా ఛాతీ దగ్గర ఏటవాలుగా పట్టి, పై నుంచి దానిలోకి చూడమన్నాడు. వంగి చూస్తే, ఎదురుగా రోడ్డు మీద ఆగిన రాళ్ల లారీ ఆ రాతిలో నిలబడి ఉంది. రాయి పక్కకు లాగేశాడు. లారీ పోయింది, నా చొక్కా గుండీలు కనిపించాయి. "ఇప్పుడు ఆ లారీ వెలుతురు యాడికి పోయింది? నేరుగా నీ గుండెకాయ మీదికి. అదే ఫిల్మ్" అన్నాడు. అది అర్థమైంది. పొద్దుటి నుంచి ఇంతమందిని అడిగితే, చెప్పగలిగినవాడు మోటార్లకు తీగ చుట్టుకుంటున్నాడు.

సొట్ట కెమెరాలోంచి చూస్తూ మీట నొక్కాను. టప్పుమని కంటి ముందు చీకటయింది, మళ్లీ వెలుగొచ్చింది. అద్దం లేచినంతసేపూ చూసేవాడికి ఏమీ కనిపించదట. అంటే సరిగ్గా ఫోటో పడే క్షణాన తీసేవాడు గుడ్డివాడు. ఇంత ఖరీదు పెట్టి కొన్న దానిలో కూడా ఇదేం అన్యాయమన్నాను. దావీదు మొదటిసారి నవ్వాడు.

తర్వాత ఆయన అన్న మాటే నాకు నచ్చలేదు. నా కెమెరా కిటికీలో కన్ను పెట్టి, దాన్ని వెలుతురు వైపు తిప్పి, నన్ను చూడమన్నాడు. లోపల నాలుగువైపులా సన్నటి పసుపు గీత ఉంది. పైగీతకు కాస్త కింద ఇంకో చిన్న గుర్తు ఉంది. గీత లోపల ఉన్నదే ఫిల్మ్ మీద పడుతుందట. మనిషి దగ్గరగా ఉంటే ఆ చిన్న గుర్తుకు కిందే తల ఉంచుకోవాలట.

"ఈ గీతలు నువ్వు చూల్యా?"

చూశాను. సోకుకు వేసిందనుకున్నాను. కిటికీ మొత్తం నాదే అనుకుని గీతకు బయటికి కూడా తలను నింపాను. కిటికీ ఎడం కొంత, గీత కొంత, రెండూ కలిసి ఎర్రిస్వామి నుదురు తినేశాయి.

"పెండ్లికూతురు మాత్రం యాడా చెడలేదే" అని దావీదు తొమ్మిది ఫోటోలను మళ్లీ చూశాడు. "నిజం చెప్పప్పా, నువ్వు ఇద్దర్ని చూసి నొక్కినావా, ఒకర్నే చూసినావా?"

నేను కెమెరాను తువ్వాలులో చుట్టడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ అడగలేదు. టీ తెప్పించి, ఇంకొక ఉపకారం చేశాడు. కెమెరా వెనక తలుపు తెరిచి, మీట నొక్కిపట్టినంతసేపూ కన్ను తెరుచుకునే ఉండేలా పైనున్న చిన్న చక్రాన్ని ఎలా తిప్పాలో చూపించాడు. నూనె పట్టించిన తెల్లకాగితం ముక్కను ఫిల్మ్ ఉండే చోట అతికించి, తలమీద తువ్వాలు కప్పుకుని చూస్తే, కెమెరా చూసేది కాగితం మీద తలకిందులుగా కనిపిస్తుంది. నాకు కావలసిన సాక్ష్యం అదే. మోటారు రేపటికి కావాలని ఎవరో వచ్చి అరుస్తుంటే, ఐదున్నరకు సెలవు తీసుకున్నాను.

లాడ్జిలో గదికి కిటికీ ఉంది, దానికి తలుపు లేదు. రాతికోత మోత ఆగలేదు. దిగేవాళ్లు రోడ్డు వైపు గది తీసుకోకూడదు.

బుధవారం ఉదయం ఐదూ యాభై బస్సుకు తాడిపత్రి వదిలాను. అనంతపురంలో మారి, కళ్యాణదుర్గం మీదుగా రాయదుర్గం చేరేసరికి పదకొండున్నర. గుమ్మఘట్టకు ఆటో దొరికింది. అందులో కన్నడం మాట్లాడేవాళ్లు ముగ్గురు, తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరం, ఇరుకు మాత్రం అందరికీ ఒకటే. పన్నెండుంబావుకు చెల్లెలింటి ముందు దిగాను.

ఎర్రిస్వామి వసారాలో శుభలేఖల మీద పేర్లు రాస్తున్నాడు. నన్ను చూసి, "ఏం బామ్మర్దీ, చెప్పకుండా దిగినావు" అన్నాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. ఇదీ మనసులో రాసిపెట్టుకున్నాను. సంచిలోంచి కెమెరా తీస్తే అతని ముఖం ముడుచుకుంది. నేను ఏమీ వివరించలేదు. పార్వతిని పిలిచి తెల్లకాగితం, కాస్త చెనిక్కాయ నూనె అడిగాను. కాగితం అతికించి, కెమెరాను కుర్చీ మీద శుభలేఖల కట్టల పైన నిలబెట్టి, నేను మూడడుగుల దూరంలో నేలమీద కూర్చున్నాను.

"కిటికీలో చూడు బావా. నా తల ఉండాదా?"

"ఉండాది. దానికేమి, ఊరంతా కనపడేంత ఉండాది."

నా తల పైఅంచు దాకా నిండేలా కెమెరాను సర్దమన్నాను. సర్దాడు. అలాగే కదలకుండా మీట నొక్కిపట్టి, తువ్వాలు కప్పుకుని, వెనక కాగితం చూడమన్నాను. తువ్వాలు కింద అతను చాలాసేపు ఉన్నాడు. మొదట చేత్తో కాగితం సర్దాడు. తర్వాత కెమెరా పైకి తల ఎత్తి కిటికీలో చూశాడు. మళ్లీ తువ్వాలు కిందికి పోయాడు.

"తలకిందులుగా ఉండాది" అన్నాడు లోపల్నుంచి.

"అది అంతే. తల ఉండాదా?"

తువ్వాలు ఇంకా కిందికి లాక్కున్నాడు. పార్వతి అతన్ని పక్కకు జరిపి తాను తువ్వాలు కప్పుకుంది. "గడ్డం ఉండాది, మీసం ఉండాది, పైన ల్యా" అని గట్టిగా చెప్పింది. లోపల్నుంచి అనిత కూడా వచ్చి చూసింది. చూసి, "నాయనా, మామ తలకాయ నువ్వే తీసినావు పో" అంది. పార్వతి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో నన్ను చూసి నవ్వని నవ్వు అదొక్కటే.

అప్పుడు దావీదు చెప్పిన రెండు కళ్ల సంగతి, ఎస్సెల్లార్ సంగతి చెప్పాను. రెండు కుప్పలు వేసి చూపించాను. ఎర్రిస్వామి దగ్గరి కుప్పలోంచి తాళి కట్టే ఫోటో తీసి పట్టుకున్నాడు. పార్వతి దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. "నీ తల ల్యాకపోతే ఏమాయ. నా మొగం ఇంత బాగా పడిన ఫోటోలు మళ్లా యాడా ల్యావు" అంది. ఆ మాట ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను. నన్ను ఎవరు అడిగినారంది.

ఎర్రిస్వామి తప్పయిందని అనలేదు. అనడని నాకు తెలుసు. భోజనాలయ్యాక, నాతో కాకుండా పార్వతితో, "మీ అన్నకు పంచెల చాపు తీసినారా? గంప ఎత్తేటప్పుడు పాత పంచెతో నిలబడతాడా ఏమి" అన్నాడు. నిండు పందిట్లో వేసిన నింద, వెనక్కి తీసుకునేటప్పుడు వంటింటి గుమ్మం దగ్గర, అదీ పంచెల మీద పెట్టి. ఆ సంగతి నాకు ఎంత మండిందో చెప్పలేను. అయినా పంచెల కొలత చెప్పాను.

మూడున్నరకు గుమ్మఘట్టలో ఆటో ఎక్కి, నాలుగూ పదికి రాయదుర్గంలో కళ్యాణదుర్గం బస్సులో కూర్చున్నాను. బస్సు కదలడానికి ఇరవై నిమిషాలుంది. అప్పుడు గానీ ఒక సంగతి గుచ్చుకోలేదు. పసుపు గీతల మాట నేను అక్కడ చెప్పలేదు. మరిచిపోయి కాదు. తువ్వాలు కింద అతను ఉన్నప్పుడు నోటిదాకా వచ్చింది. చెబితే సగం తప్పు నాదవుతుంది, గంప మళ్లీ పోతుందేమోనని మింగేశాను. పక్కవాళ్లు మాట దాచారని ఇన్నేళ్లు తిట్టినవాణ్ని నేను. అలా గంప ఎత్తడానికి నాకు మనసొప్పలేదు. ఫోన్ చేశాను. కిటికీ లోపల గీత ఉందని, దాన్ని నేను ఆరోజు లెక్కచేయలేదని, గంప సంగతి నీ ఇష్టమని చెప్పాను.

అవతల శుభలేఖల కట్ట కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఆ గీత నాకెరుకే" అన్నాడు ఎర్రిస్వామి. "కొన్న పొద్దే అంగడాయప్ప చెప్పిండె. నీ చేతికిస్తా చెప్పాలనుకుంటి. నువ్వు నా మొగం చూడల్యా, కెమెరా తీసుకుని పక్కకు తిరిగితివి. అడుగుతాడేమో చూద్దామని ఊరుకుంటి. నువ్వు అడగల్యా."

గంప గురువారం ఉదయం ఆరుకే ఎత్తాలి, ముందురోజే రమ్మని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

బస్సు నాలుగున్నరకు కదిలింది. ఎడమవైపు సీటు దొరికింది. పొద్దు వంగినా చేల మీద వేడి తగ్గలేదు. ఈ రెండు రోజుల తిరుగుడులో నాకు తెలిసింది ఇంతే: ఒకే గాజులోంచి చూసే కెమెరా మంచిదే, కొనగలిగినవాళ్లు అదే కొనుక్కోవాలి. దాని గురించి తెలుసుకోవాలంటే దుకాణానికి పోకుండా తాడిపత్రికి పోవాలి. ఎర్రిస్వామి ఆరోజు చెప్పి ఉండాల్సింది, నేను అడిగి ఉండాల్సింది. రెండూ తప్పులే. వీటిలో అతనిదే పెద్దదని బెళుగుప్ప చేరేదాకా ఆలోచించినా నా అభిప్రాయం మారలేదు. వచ్చే గురువారం అనితను మండపంలో దించాక ఆ మాట ఎర్రిస్వామికి చెబుతాను. ఈసారి అతని ముఖం చూసే చెబుతాను.